మూగబోయిన ఆర్గన్లకు మరల స్వరము



పాతబడిన వస్తువును మనము రెండు విధాలుగా చూస్తాము. ఒకటి, తూకానికి వేసి డబ్బు చేసుకోవలసిన సామానుగా. రెండవది, మరల పనిచేస్తుందేమో చూద్దామని. మొదటి చూపు అందరికీ ఉన్నదే. రెండవ చూపు కలవారు కొద్దిమందే. అట్టివారిలో ఒక చిన్న గుంపును గూర్చి ఈ నెల మీకు చెప్పాలని మేము తలంచాము.

వీరు ఎక్కువగా అమెరికాలోను, ఇంగ్లండులోను ఉన్నారు. కొందరు రిటైరైన ఇంజనీర్లు, కొందరు బడిపంతుళ్ళు, కొందరు చర్చిలో ఆర్గను వాయించేవారు. పగలు తమ పని తాము చేసుకొని, సాయంత్రం ఇంటి వెనుక షెడ్డులో దీపము వేసుకొని కూర్చుంటారు. వారి ఎదుట 60, 70, 80 సంవత్సరాల నాటి ఎలక్ట్రానిక్ ఆర్గను ఒకటి విప్పి ఉంటుంది. ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు వాల్వులతో పనిచేసిన ఆర్గను అది. దానిని మరల పాడించడమే వారి వ్యాపకము. దీనివలన జీతము లేదు, పేరు లేదు. అయినా ఈ పనిలో నేర్చుకోవలసిన సంగతులు మనకు చాలా కనబడ్డాయి.

గడియారాల ఇంజనీరు చేసిన ఆర్గను

ఈ ఆర్గన్లలో ఎక్కువ పేరు పొందినది హామండ్ ఆర్గను. దీనిని కనిపెట్టిన లారెన్స్ హామండ్ 1895లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో పుట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయములో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. చిత్రమేమంటే ఆయనకు సంగీతము వాయించడం రాదు! 1928లో ఆయన కరెంటు గడియారాల కంపెనీ స్థాపించాడు. కరెంటు సెకనుకు ఎన్ని సైకిళ్ళు వస్తుందో, దానికి తగినట్టు ఖచ్చితముగా ఒకే వేగముతో తిరిగే సింక్రొనస్ మోటారు ఆ గడియారాలకు గుండె వంటిది. తర్వాత అమెరికా అంతటా ఆర్థిక మాంద్యము వచ్చింది. గడియారాలు అమ్ముడుపోలేదు. ఏదో ఒక దారి చూసుకోవాలని పేకముక్కలను తానే కలిపి పంచే బల్లను సైతము తయారుచేశాడు. అదీ ఎంతోకాలము నిలువలేదు.

1933లో ఆయన ఒక పాత పియానో కొని, మెట్ల వరుస తప్ప మిగిలినదంతా తీసివేశాడు. ఒకే వేగముతో తిరిగే మోటారు ఉన్నది కదా, దానితో పళ్ళ చక్రాలను త్రిప్పితే స్వరము పుట్టదా అని ఆలోచించాడు. ఇనుప చక్రము అంచున పళ్ళు ఉంటాయి. చక్రము ప్రక్కన తీగ చుట్టిన అయస్కాంతము ఉంటుంది. ఒక్కొక్క పన్ను అయస్కాంతమును దాటినప్పుడు తీగలో సన్నని విద్యుత్తు ఒకసారి పెరిగి తగ్గుతుంది. పళ్ళు ఎక్కువైతే, వేగము ఎక్కువైతే స్వరము హెచ్చుతుంది. ఇటువంటి చక్రాలు ఆయన ఆర్గనులో తొంభైకి పైగా ఉంటాయి. తనకు చెవి లేదని ఎరిగినవాడు గనుక, ఒక చర్చిలో ఆర్గను వాయించే తన కంపెనీ ఉద్యోగిని పిలిచి, స్వరములు బాగున్నవో లేవో ఆయనచేత చెప్పించుకున్నాడు. తనకు లేని వరము ఎదుటివానిలో ఉన్నదని ఒప్పుకొనడం కూడా ఒక వరమే.

1934లో పేటెంటు వచ్చింది. 1935 ఏప్రిల్‌లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనలో ఆర్గనును లోకానికి చూపించారు. మొదటి మూడేళ్ళలోనే 1,750 చర్చిలు దానిని కొన్నాయి. గొట్టాల ఆర్గను అనగా పైపు ఆర్గనుకు గది కావాలి, గాలి తిత్తులు కావాలి, చాలా ధనము కావాలి. చిన్న సంఘాలకు అది అందని పండు. ఈ క్రొత్త ఆర్గను ఒక మూలన పట్టేది. 1939లో షికాగోలోని ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్ అను నల్లజాతి సంఘమువారు హామండ్ ఆర్గను తెచ్చుకున్నారు. కెనెత్ మోరిస్ అను సంగీతజ్ఞుడు అక్కడ వాయించిన తీరు విని, ఇతర సంఘములవారు కూడా ఆశపడ్డారు. నేడు అమెరికాలోని నల్లజాతి సంఘాల ఆరాధనను ఈ ఆర్గను ధ్వని లేకుండా ఊహించడం కష్టము. 1966 నాటికి సుమారు 50,000 చర్చిలలో హామండ్ ఆర్గను ఉన్నదని అంచనా.

“ఇది ఆర్గనేనా?”

పైపు ఆర్గన్లు చేసేవారికి ఇది రుచించలేదు. గొట్టము లేదు, గాలి లేదు, దీనిని ఆర్గను అనవచ్చునా అని అడిగారు. సంగతి అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వరకు వెళ్ళింది. 1937లో షికాగో విశ్వవిద్యాలయపు చాపెల్‌లో పరీక్ష పెట్టారు. అక్కడ పెద్ద పైపు ఆర్గను ఉన్నది. హామండ్‌ను కూడా అక్కడే అమర్చి, వాయించేవారు కనబడకుండా పాటలు వాయించారు. ఏది ఏదో చెప్పవలెనని సంగీత నిపుణులను, విద్యార్థులను కూర్చోబెట్టారు. నిపుణులు కూడా దాదాపు మూడింట ఒక వంతు తప్పు చెప్పారు.

1938లో కమిషన్ తీర్పు ఇచ్చింది. ఆర్గను అన్న పేరు హామండ్‌కు నిలిచింది. అయితే ఈ ఆర్గను లెక్కలేనన్ని ధ్వనులు పలుకుతుందన్న ప్రకటనను మాత్రము మానుకోవలసి వచ్చింది. అటు తర్వాత కంపెనీ తన ప్రకటనలలో 25 కోట్ల పైచిలుకు ధ్వనులని లెక్క కట్టి చెప్పింది! మనిషి ఎంత గొప్ప పని చేసినా, చేసినదానికంటే ఒక మాట ఎక్కువ చెప్పుకోవాలన్న శోధన వెంటాడుతూనే ఉంటుంది.

గాజు బుడ్డిలో నిప్పు

మన ఇండ్లలో పాత వాల్వు రేడియోను చూసినవారు ఇంకా ఉన్నారు. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలిగి, వేడెక్కిన తర్వాతే మాట వచ్చేది. ఆ గాజు బుడ్లే వాల్వులు.

వాల్వులో గాలి ఉండదు. ఒక సన్నని తీగ వేడెక్కి, దాని ప్రక్కనున్న భాగమునుండి ఎలక్ట్రానులను బయటికి పంపుతుంది. అవి ఎదుటనున్న పలకవైపు పరుగెడతాయి. మధ్యలో జల్లెడ వంటి తీగ ఒకటి ఉంటుంది. కాలువకు తూము ఉన్నట్టే ఇదీ. తూము పలకను ఒక చేత్తో కొద్దిగా ఎత్తితే చేనంతటికీ నీరు పారినట్టు, ఆ జల్లెడకు అందిన అతి స్వల్పమైన విద్యుత్తు పెద్ద ప్రవాహమును అదుపు చేస్తుంది. చక్రము ప్రక్కన పుట్టిన ఆ సన్నని ధ్వని ఈ విధముగా పెరిగి, స్పీకరులోనుండి గుడి నిండా వినబడుతుంది.

వాల్వు చరిత్రలో మనకు ఆసక్తి కలిగించే మాట ఒకటున్నది. 1904లో మొదటి వాల్వును చేసిన ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్, 1906లో దానికి ఆ జల్లెడను చేర్చే దారి తీసిన అమెరికా దేశస్థుడు లీ డి ఫారెస్ట్, ఇద్దరూ కాంగ్రిగేషనల్ సంఘ కాపరుల కుమారులే. ఫ్లెమింగ్ జీవితాంతము భక్తిగలవాడు. ప్రభువు పునరుత్థానమును గూర్చి లండను నగరపు చర్చిలో ప్రసంగించినవాడు. డి ఫారెస్ట్ తండ్రి తన కుమారుడు కూడా కాపరి కావాలని ఆశపడ్డాడు. కుమారుడు ప్రసంగపీఠము ఎక్కలేదు. కాని అతడు చేసిన వాల్వు లేకుంటే రేడియో సువార్త ప్రసంగమనేది మన తండ్రులు ఎరిగి ఉండేవారు కారు. తల్లిదండ్రులు కోరినది ఒకటి, దేవుడు వాడుకున్నది మరొకటి. బిడ్డల చదువును గూర్చి బెంగపడే వారికి ఇది జ్ఞాపకముండాలి.

హామండ్‌లో స్వరము చక్రములనుండి పుడుతుంది గనుక వాల్వులు కొద్దిగానే ఉంటాయి. అలెన్, బాల్డ్విన్, కాన్ మొదలైన కంపెనీల పాత ఆర్గన్లలో స్వరము పుట్టేదే వాల్వులలో. 1937లో పెన్సిల్వేనియాలో జెరోమ్ మార్కొవిట్జ్ మొదలుపెట్టిన అలెన్ కంపెనీ ఈ మార్గములో ముందుగా నడచినది. ఇటువంటి ఆర్గను ఒకటి బాగుచేయాలంటే డజన్ల కొద్దీ వాల్వులను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఒక్కొక్క స్వరమును విడివిడిగా శ్రుతి చేయాలి.

ఇవి ఎందుకు మూలపడ్డాయి?

1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. అది చిన్నది, వేడెక్కదు, తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. 1950ల చివరికి ఆర్గన్లలో కూడా అది ప్రవేశించింది. 1971లో అలెన్ కంపెనీ డిజిటల్ ఆర్గనును అమ్మకానికి తెచ్చింది. 1970ల నడిమికి హామండ్ కంపెనీ చక్రాల ఆర్గన్ల తయారీ మానివేసింది. వాటిలో పేరుపొందిన బి-3 ఆర్గను, పీట, కాలి మెట్లతో కలిపి సుమారు 190 కిలోల బరువు. దానిని మేడమెట్లు ఎక్కించడానికి నలుగురు మగవాళ్ళు చాలరు. తేలికైన కీబోర్డు చంకలో పెట్టుకొని వెళ్ళే రోజులు వచ్చాక ఈ బరువు ఎవరికి కావాలి? ఎన్నో ఆర్గన్లు చర్చిల నేలమాళిగలకు, పశువుల కొట్టాలకు, చివరికి చెత్తకు చేరాయి. మోసుకొని పోగలిగితే ఊరికే ఇస్తామన్నా తీసుకొనేవారు లేకపోయారు.

మనవంటి దేశానికి అవి ఎక్కువగా రాకపోవడానికి ఖరీదు ఒక కారణమైతే, కరెంటు మరొకటి. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సైకిళ్ళు, మన దేశములో 50. అమెరికా హామండ్ మోటారు అక్కడ నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది. అదే మోటారు ఇక్కడ 1,000 చుట్లే తిరుగుతుంది. అందువలన ప్రతి స్వరమూ మూడు మెట్లకు పైగా క్రిందికి దిగజారుతుంది. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా ఈ లోపము తీరదు. 50 సైకిళ్ళ దేశాలకు పంపిన వాటిలో మోటారు ఏర్పాటు వేరుగా ఉండేది.

బాగుచేయు విధము

ఈ పనిలో అనుభవమున్నవారు మొట్టమొదట చెప్పే మాట ఒకటే: ఆత్రపడి ప్లగ్గు పెట్టవద్దు. ఇరవై ఏండ్లు నిద్రపోయిన ఆర్గనుకు ఒక్కసారిగా నిండు కరెంటు ఇస్తే, బాగుచేయదగినది కాస్తా కాలిపోవచ్చును.

మొదట వెనుక చెక్క విప్పి చూస్తారు. ఎలుకలు గూడు కట్టి ఉంటాయి, తీగలు కొరికి ఉంటాయి, చిమ్మటలు ఉన్నిగుడ్డను తిని ఉంటాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతారు. ఏ తీగ ఎక్కడ తగిలి ఉన్నదో ఫోటోలు తీసి, నోటు పుస్తకములో వ్రాసుకుంటారు. కంపెనీవారి సర్క్యూటు పటము సంపాదిస్తారు. ఇంతవరకు ఒక్క స్క్రూ కూడా మార్చరు.

తర్వాత నూనె. హామండ్ చక్రాలకు నూనె అందించే ఏర్పాటు చూస్తే మనసుకు ఎంతో ముచ్చట వేస్తుంది. పైనున్న తొట్టెలో నూనె పోస్తారు. అక్కడనుండి సన్నని నూలు దారాలు ఒక్కొక్క బేరింగు దగ్గరకు వెళ్తాయి. దీపపు వత్తి నూనె పీల్చినట్టు, ఆ దారాలు చుక్క చుక్కగా నూనె చేరవేస్తాయి. దానికి సంవత్సరానికి ఒకసారి కొద్ది నూనె చాలు. ఏళ్ళ తరబడి ఎవరూ పోయకపోతే దారాలు ఎండిపోతాయి, చక్రాలు బిగుసుకుపోతాయి. అప్పుడు పలుచని నూనె పోసి, రోజుల తరబడి ఓపికతో ఎదురుచూడాలి. త్వరపడి మోటారును బలవంతముగా త్రిప్పితే నష్టమే. చేతికి దొరికిన నూనె పోసినా నష్టమే, అది జిగురై చక్రాలను పట్టేస్తుంది.

ఆ తర్వాత కండెన్సర్లు. పాత రోజులలో వీటిని మైనము పూసిన కాగితముతో చేసేవారు. కాలము గడిచేకొలది కాగితములో తేమ చేరి, ఆపవలసిన కరెంటును ఆపలేక కారనిస్తాయి. పవరు సప్లయిలోని పెద్ద కండెన్సర్లు లోపల ఎండిపోతాయి. అప్పుడు స్పీకరులో “గుఁయ్” అని మ్రోత వస్తుంది. కార్బను రెసిస్టర్లు కూడా తమపై వ్రాసిన విలువను తప్పి పెరిగిపోతాయి. వీటిని ఒక్కొక్కటిగా కొలిచి, చెడినవాటిని సోల్డరింగుతో మారుస్తారు. ఒకటి మార్చినవెంటనే పరీక్షిస్తారు. పది కలిపి మార్చితే, తప్పు జరిగినప్పుడు అది ఎక్కడ జరిగిందో తెలియదు.

వాల్వులు మాత్రము చాలామంది అనుకున్నంత త్వరగా పాడు కావు. 50 ఏళ్ళ నాటి వాల్వు నేటికీ చక్కగా పనిచేయడం వారికి మామూలే. అనేకసార్లు తప్పు వాల్వుది కాదు, అది కూర్చున్న సాకెట్టుది. కాళ్ళకు పట్టిన చిలుమును శుభ్రముచేసి మరల కూర్చోబెడితే పలుకుతుంది. నిజముగా మార్చవలసి వస్తే రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో నేటికీ క్రొత్తవి తయారవుతున్నాయి. మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఒకప్పుడు వాల్వులు తయారుచేసింది.

చివరికి, అంచెలంచెలుగా వోల్టేజి పెంచే పరికరము ద్వారా కరెంటు ఇస్తారు. ఏదైనా పొగ, వాసన, మ్రోత ఉన్నదా అని కనిపెట్టి చూస్తారు. పాత హామండ్‌కు రెండు స్విచ్చిలు ఉంటాయి. మొదటిదానిని సుమారు 8 సెకండ్లు పట్టి ఉంచితే చక్రాలు వేగము పుంజుకుంటాయి. తర్వాత రెండవది వేయాలి. వాల్వులు వేడెక్కేవరకు నిశ్శబ్దము. అప్పుడు ఒక మెట్టు నొక్కి వింటారు. ఆ తర్వాత ప్రక్క మెట్టు. రెండు వరుసలకు కలిపి 122 మెట్లు, ప్రతి మెట్టు క్రింద 9 తీగ స్పర్శలు! ఎక్కడ దుమ్ము పడినా అక్కడ స్వరము తప్పుతుంది.

ప్రాణముతో చెలగాటము వద్దు

ఇది చదివి మన యౌవనస్థులెవరైనా ఉత్సాహముతో పాత వాల్వు రేడియోనో, ఆంప్లిఫయరునో విప్పవచ్చును. వారికి మేము చేతులు జోడించి చెప్పే మాట ఇది. వాల్వు పరికరాలలో 300, 400 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు పీకివేసినా పెద్ద కండెన్సర్లలో ఆ విద్యుత్తు నిలువ ఉండి చేయి వేసినవానిని కొట్టగలదు, ప్రాణము తీయగలదు. తెలిసినవారు మొదట రెసిస్టరు ద్వారా దానిని ఖాళీచేసి, మీటరుతో కొలిచి, సున్న అని చూశాకే చేయి పెడతారు. పరీక్షించేటప్పుడు ఒక చేయి జేబులో ఉంచుకుంటారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది గనుక ఈ జాగ్రత్త. ఒంటరిగా పనిచేయరు. తడి నేలమీద నిలువరు. ఎర్తు లేని ప్లగ్గును ఒప్పుకోరు. నేర్పేవారు లేకుండా దీనిలోనికి దిగవద్దు. ఒక పాత పెట్టె పలకకపోతే పోయేది లేదు. ఒక తల్లికి బిడ్డ పోతే తిరిగి రాడు.

163 వాల్వుల పరీక్ష

ఈ పనివారి ఓపికకు గొప్ప పరీక్ష నోవాకార్డ్ అను వాద్యము. ఇది కూడా హామండ్ కంపెనీదే. 1939నుండి 1942వరకు వెయ్యికి కొద్ది పైగా చేశారు. యుద్ధము వచ్చి విడిభాగాలు దొరకక ఆపివేశారు. చూడటానికి పియానోవలె ఉంటుంది, కాని లోపల 163 వాల్వులు, వెయ్యికి పైగా కండెన్సర్లు! నేడు పనిచేసే స్థితిలో ఉన్నవి బహు కొద్ది. దానిని బాగుచేయ పూనుకున్నవారు ఆ వెయ్యి కండెన్సర్లనూ ఒక్కొక్కటిగా మార్చిన సందర్భాలున్నాయి. అది నెలల తరబడి సాగే పని. సగములో ఎవరు చూసినా చిందరవందరగా పడి ఉన్న తీగలే కనబడతాయి. బాగుపడుతున్నదనే గుర్తు చివరివరకు ఒక్క స్వరమైనా వినబడదు.

సంఘ పరిచర్య చేసేవారికి ఈ అనుభవము క్రొత్తది కాదు. త్రాగుడు మానలేని ఒక ఇంటి యజమానికొరకు ఏళ్ళ తరబడి ప్రార్థించి, ఇంటికి వెళ్ళి మాట్లాడి, ఏ మార్పూ కనబడని దినములు మనము ఎరుగుదుము. కుమ్మరి ఇంటికి వెళ్ళిన యిర్మీయా చూచినదేమి? చేతిలో చెడిపోయిన మంటిని కుమ్మరి పారవేయలేదు, తిరిగి మరియొక పాత్రగా చేశాడు. నలిగిన రెల్లును విరువని సేవకుని గూర్చి యెషయా ముందుగా చెప్పాడు. మన ప్రభువు చూపు ఆ రెండవ చూపు.

వ్యాపకము విగ్రహము కాకూడదు

అయితే ఈ వ్యాపకములో ఒక ఉరి కూడా ఉన్నది. ఒక ఆర్గనుతో మొదలుపెట్టినవాడు విడిభాగాలకని రెండవది తెస్తాడు. ఊరికే వస్తున్నదని మూడవది తెస్తాడు. కొన్నాళ్ళకు వాకిలి నిండుతుంది, ఇల్లాలు కూర్చోవడానికి చోటు మిగలదు. ఒక్కటీ పలకదు! బిడ్డతో మాట్లాడే సాయంకాలము, భార్యతో కలిసి ప్రార్థించే గడియ, బీదవానికి ఇవ్వవలసిన రూపాయి, ఇవన్నీ ఆ పెట్టె మ్రింగివేస్తే అది విగ్రహమే. పాతదానిని ప్రేమించడం వేరు, పాతదానికి దాసుడగుట వేరు. అనుభవజ్ఞులు కొందరు పెట్టుకున్న నియమము మంచిది: చేతిలోనిది పాడి బయటికి వెళ్ళేవరకు రెండవదానిని లోపలికి తేరాదు. బాగుచేసినదానిని కూడా షెడ్డులో దాచుకోక, వాయించేవారు ఉన్నచోటికి ఇవ్వాలి. పాడటానికి చేసిన వస్తువు పాడుతూ ఉండాలి.

మన వెస్ట్రీ మూలన ఏమున్నది?

మన సంఘాలలో హామండ్‌లు లేవు. కాని మిషనరీల నాటి పెడల్ హార్మోనియములు మన కోస్తా జిల్లాలలోను, తెలంగాణాలోను కొన్ని గుడులలో ఇంకా ఉన్నాయి. కాళ్ళతో తొక్కితే తిత్తి గాలి పుట్టి, ఇత్తడి రీడ్లు పలుకుతాయి. అవి కూడా ఆర్గన్ల కుటుంబమే.

మా పాస్టరేటులోని ఒక గ్రామ సంఘములో కొన్నేళ్ళ క్రితము క్రొత్త కీబోర్డు కొన్నారు. పెడల్ హార్మోనియము వెస్ట్రీ మూలకు చేరింది, దానిమీద చాపలు పెట్టారు. పెద్దల కూడికలో దానిని అమ్మివేద్దామన్న మాట వచ్చింది. పాత సామాన్ల వర్తకుడు ఇత్తడికి ఇంత, కట్టెకు ఇంత అని ధర కూడా చెప్పాడు. అందరూ సరేనన్న వేళ వెనుక కూర్చున్న వృద్ధుడైన వడ్రంగి లేచాడు. “అయ్యగారూ, ఒక్క నెల గడువు ఇప్పించండి. తర్వాత మీ ఇష్టం” అన్నాడు. ఆయన, పదవ తరగతి చదివే ఆయన మనుమడు కలిసి దానిని విప్పారు. తిత్తి గుడ్డను ఎలుక కొరికి ఉన్నది. రీడ్ల మధ్య బొద్దింకల చెత్త పేరుకొని ఉన్నది. గుడ్డ మార్చి, రీడ్లను ఒక్కొక్కటి తీసి మెత్తని బ్రష్షుతో తుడిచారు. తాతకు కన్ను ఆనదు, మనుమనికి పని తెలియదు. ఇద్దరూ కలిస్తేనే ఒక పనివాడు అయ్యాడు. అది నేడు పలుకుతున్నది. నాలుగు మెట్లు ఇప్పటికీ పలకవు, వాయించేవారు వాటిని తప్పించుకొని వాయిస్తారు. కరెంటు పోయిన రాత్రి కీబోర్డు నోరు మూసుకొన్నప్పుడు, ఆరాధన దానితోనే జరుగుతుంది. అన్నిటికంటె మేలు ఏమనగా, చర్చికి రావడం తగ్గించిన ఆ మనుమడు ఇప్పుడు మొదటి గంటకే వచ్చి దాని మూత తీస్తాడు.

మీ గుడిలో ఇటువంటిది ఉంటే కొన్ని జాగ్రత్తలు తీసుకొనండి. గోడకు ఆనించి పెట్టవద్దు, గోడ తేమ కట్టెను ఉబ్బిస్తుంది. వాయించిన తర్వాత మూత వేసి గుడ్డ కప్పండి. లోపల కలరా ఉండలు గుడ్డలో కట్టి ఉంచితే పురుగు చేరదు. నెలకొకసారైనా వాయించండి, ఊరకుంటేనే తిత్తి బిగుస్తుంది. పలకని రీడును గీకవద్దు. రీడు కొనవైపు గీకితే శ్రుతి హెచ్చుతుంది, మొదలువైపు గీకితే తగ్గుతుంది. తెలియక గీకినదానిని మరల అతికించలేము. చాలసార్లు దుమ్ము తుడిస్తే చాలు. పెద్దలు అమ్మకపు తీర్మానము వ్రాయకముందు, తెలిసినవాని చేత ఒకసారి చూపించండి.

నమ్మకముగా చేసిన పని

యోవాషు దినములలోను, యోషీయా దినములలోను మందిరము బాగుచేసిన వడ్లవారిని, కాసెపనివారిని గూర్చి రాజుల గ్రంథము చెబుతున్నది. వారు నమ్మకస్థులు గనుక ఆ డబ్బుకు వారియొద్ద లెక్క అడుగలేదట. వారి పేర్లు వ్రాయబడలేదు. కాని యోషీయా కాలములో మందిరము బాగుచేయించే వేళనే పోయిన ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది. పాతదానిని బాగుచేయ పూనుకున్న ఇంట ఏమి దొరుకుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

అయిదువేలమంది తిని తృప్తిపొందిన తర్వాత కూడా ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయించిన ప్రభువు మనకున్నాడు. రొట్టె ముక్కలను లెక్కచేసినవాడు మనుషులను లెక్కచేయడా? మన సంఘములో వెనుక బల్లమీద మౌనముగా కూర్చున్న వృద్ధులు ఉన్నారు. ఒకప్పుడు సండేస్కూలు నడిపినవారు, క్వయరులో పాడినవారు, ఊరూరు నడచి సువార్త చెప్పినవారు. కంఠము తగ్గిందని, కాలము మారిందని మనము వారిని మూలన ఉంచలేదు కదా? వారిలో అనేకులకు కావలసినది క్రొత్త వాల్వు కాదు. కొద్దిపాటి దుమ్ము తుడిచి, కొద్ది నూనె పోసి, “మీరు ఒక పాట ఎత్తండి తాతగారూ” అని అడిగేవారు కావాలి.

ఈ నెలలో మీ గుడిలోను, మీ ఇంటిలోను మూలన ఉన్నదేమిటో, మూలన ఉన్నవారెవరో ఒకసారి చూడండి. త్వరపడి అమ్మవద్దు, త్వరపడి విడువవద్దు. ఒక్క నెల గడువు ఇవ్వండి.

చెడినదానిని విసర్జింపక తన చేతితో తిరిగి చేయు దేవుడు, మనకు ఆ చూపును, ఆ ఓపికను అనుగ్రహించును గాక! ఆమేన్.